పైఅధికారి చట్టవిరుద్ధమైన ఆదేశం ఇస్తే అమెరికా సైనికుడు పాటించాలా?

పాటించకూడదు. కాకపోతే "ఈ ఆదేశం నాకు నచ్చలేదు" అనడం వేరు, "ఇది నేరం" అనడం వేరు. అమెరికా సైనిక చట్టంలో శిక్ష ఉన్నది చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించినందుకే. కానీ ఒక మెలిక ఉంది: ఏ ఆదేశమైనా చట్టబద్ధమైనదేనని ముందుగా అనుకుంటారు. అనుమానంతో కాదన్నాక, కోర్టు మార్షల్‌లో (సైనిక కోర్టు విచారణలో) అది సరైన ఆదేశమేనని తేలితే శిక్ష తప్పదు. రిస్క్ అంతా కిందివాడిదే, అసలు టెన్షన్ అదే.

ఎవరికైనా చూడగానే నేరమని తెలిసిపోయే వాటిలో మాత్రం ఈ గొడవ లేదు. నిరాయుధులను, లొంగిపోయినవాళ్లను చంపమనడం అలాంటిదే. 1968లో వియత్నాంలోని మై లాయ్ గ్రామస్తులను ఊచకోత కోసిన కేసులో లెఫ్టినెంట్ విలియం కాలీ, పైవాళ్లు చెప్పిందే చేశానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు, 1971లో దోషిగా తేల్చింది. ఆ ఊచకోత జరుగుతుండగానే అమెరికా సైనిక పైలట్ హ్యూ థాంప్సన్ సొంత సైనికులకూ గ్రామస్తులకూ మధ్య హెలికాప్టర్ దింపి కొందరిని కాపాడాడు. అందుకు అతనికి సోల్జర్స్ మెడల్ అనే సైనిక సాహస పతకం ఇచ్చింది మాత్రం 1998లో!

సందేహం ఉన్నప్పుడు, ఆదేశాన్ని మళ్లీ స్పష్టంగా చెప్పమని అడగాలి. సమయం ఉంటే సైనిక న్యాయాధికారి సలహా తీసుకోవాలి.