ప్లేటు తిరుగుతోంది: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: సార్, మా తాతగారికి మైకు సెట్టు ఉండేది. అటక మీది పాత ప్లేట్లు దించి స్పిరిట్‌తో తుడిస్తే దూదికి నల్లగా అంటుకుంది. ఇప్పుడు పాట బదులు బరబరమంటోంది. మురికి ఇంకా పోలేదంటారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: పోయింది మురికి కాదు బాబూ, ప్లేటే. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పాతవి ప్లాస్టిక్ కావు. లక్కకి రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసినవి. మనం సీలు వేయడానికి వాడే లక్కే. వడ్రంగి కుర్చీకి పాలిష్ పెట్టేటప్పుడు లక్కని దేంట్లో కరిగిస్తాడో అడుగు, స్పిరిట్‌లోనే అంటాడు. నువ్వూ తెలియకుండా ఆ పనే చేశావు.

మిగిలినవాటిని చల్లటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడువు. మధ్యనున్న కాగితం తడవకూడదు. తర్వాత వచ్చిన వినైల్ అనే ప్లాస్టిక్ ప్లేట్లకి, అదే ఎల్పీలకైతే, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు, నేను అదే వాడతాను. బరబరలో తప్పంతా నీదే అనను. ఆ రోజుల్లో ఉక్కు ముల్లు ఒక్క వైపుకే, తర్వాత పారేయాలి. మా వీధి మైకు సెట్టాయన పెళ్లి మొత్తం ఒకే ముల్లుతో లాగించేవాడు. అప్పగింతల వేళకి వచ్చేసరికి పాటకి కూడా గొంతు పూడుకుపోయేది.

ప్రశ్న: నమస్కారం సార్. రాక్ పాటలు బాగా వింటాను. వాటికి మూలం అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ పాటలంటే అవీ మొదలుపెట్టాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, చెప్పిందే చెబుతున్నారు. అందులో ఏముంది?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: నాకూ మొదట అలాగే ఉండేదమ్మా. అప్పట్లో మా రైల్వేకి పెద్దాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. ఫైళ్లు పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత ప్లేట్లు వెతికేవాణ్ని. అలా ఓసారి భోజనం డబ్బులు మిగిల్చి బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ ఎల్పీ కొన్నాను, 1964లో షికాగోలోని రీగల్ థియేటర్‌లో జనం ముందు పాడింది. రాత్రి క్వార్టర్లో పెడితే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఎవరికేమైందండీ, అలా ఏడుస్తున్నాడు?" అంది. బ్లూస్ గురించి తర్వాత చాలా చదివాను గానీ అంతకంటే బాగా చెప్పినవాళ్లు లేరు.

బ్లూస్‌లో ఎక్కువగా కనిపించే కట్టు ఇదీ: ఒక పంక్తి పాడతాడు, దాన్నే మళ్లీ పాడతాడు, మూడో పంక్తిలో జవాబు చెబుతాడు. మొత్తం 12 ఆవృత్తాలు. రెండోసారి మాట అదే, పలుకు మాత్రం అది కాదు. ఆ తేడా కోసం చెవి పెట్టు. మన జముకుల కథలో వంత ఎలా అందుకుంటుందో, బి.బి. కింగ్ పాటలో గిటారు అలా అందుకుంటుంది. పాడేటప్పుడు ఆయన గిటారు వాయించడు, గొంతు ఆగాక అది మొదలవుతుంది. ఆ గిటారు పేరు లూసిల్. ఆర్కాన్సాలో ఓ డాన్సు హాలు అంటుకుంటే ప్రాణాలకు తెగించి లోపలికి పరిగెత్తి దాన్ని తెచ్చుకున్నాడు. మంటకి కారణం ఇద్దరు మగవాళ్ల కొట్లాట, కొట్లాటకి కారణం లూసిల్ అనే ఆవిడ.

ఇక తీగని పక్కకి లాగి స్వరాన్ని వంచడం. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విన్న ఊరివాళ్లం, గమకం మనకి కొత్తా? మడ్డీ వాటర్స్ అనే ఇంకో బ్లూస్ గాయకుడు గిటారు తీగల మీద గొట్టం జార్చి వాయిస్తుంటే నాకు, తీగల మీద కర్ర జార్చి వాయించే మన గోటువాద్యం గుర్తొస్తుంది. రెండూ ఒకటే అని మాత్రం అనను. మనది రాగం నడకలో కుదిరిన వంపు, వాళ్లది ఒకే స్వరాన్ని కావాలని సరైన చోటికి కాస్త ఇవతలే ఆపేసిన వంపు.

రైల్వేవాణ్ని కనుక ఇదీ చెప్పాలి. 1961 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ స్టేషన్‌లో కీత్ రిచర్డ్స్‌కి చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన మిక్ జాగర్ కనిపించాడు. జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ ఎల్పీలు. అమెరికా నుంచి తెప్పించుకున్నవి. ఆ ప్లేట్ల దగ్గరే మాటలు కలిశాయి. మరుసటి ఏడు వాళ్ల రాక్ బృందానికి పెట్టుకున్న రోలింగ్ స్టోన్స్ అనే పేరు కూడా మడ్డీ వాటర్స్ 1950 నాటి పాటలోంచి వచ్చిందే. నేనూ విజయనగరం ప్లాట్‌ఫాం మీద చంకలో ప్లేట్లు పెట్టుకుని చాలాసార్లు దిగాను. ఎవరూ పలకరించలేదు. ఒక టీసీ మాత్రం లగేజీ టికెట్ అడిగాడు.

అందరూ అప్పుని మర్యాదగా ఒప్పుకోలేదు. లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం 1969లో తెచ్చిన రెండో ఎల్పీలో మొదటి పాట తన పాటలోంచి తీసుకున్నదని బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో కేసు వేశాడు. కోర్టు బయట రాజీ కుదిరి ఆయన పేరూ చేరింది. ఆ గిటారు మోత నాకు ప్రాణం. అయినా ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

నువ్వు బి.బి. కింగ్‌తో మొదలుపెట్టు. పాతకాలపు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ దగ్గరికి తర్వాత వెళ్లు. ఆయన 1936, 37ల్లో రికార్డు చేసిన పాటలు 29, మరుసటి ఏడే 27 ఏళ్లకి పోయాడు. ఆ గరగరల వెనకాల మనిషిని వినాలంటే చెవికి కాస్త అలవాటుండాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సూట్‌కేసు ప్లేయర్ కొన్నాను. పాట గెంతుతోంది. ముల్లు మీద రూపాయి బిళ్ల పెట్టమన్నాడు మా ఫ్రెండు. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: వద్దు. అలాంటివాటిలో చాలావరకు ముల్లు ఇప్పటికే 5 గ్రాముల దాకా బరువు మోపుతుంది. మంచి ప్లేయర్లో 2 గ్రాములకు అటూ ఇటూ. గాడి ప్లాస్టిక్కే కదా, బిళ్ల పెడితే దున్నేస్తుంది. ముందు బల్ల సమంగా ఉందో లేదో చూడండి, ముల్లు కొన మీద దుమ్ము తీయండి. అప్పటికీ గెంతితే, వెనక బరువు తిప్పి సరిచేసుకునే వీలున్న ప్లేయర్ కోసం డబ్బు కూడబెట్టండి.

ప్రశ్న: మా వారు జీతంలో సగం ప్లేట్లకే పెడుతున్నారు. అదే పాట ఫోన్‌లో ఊరికే వస్తుంది కదండీ?
– ఒక గృహిణి, రాజాం

జవాబు: వస్తుందమ్మా, చాలాసార్లు శుభ్రంగా కూడా వస్తుంది. ప్లేటు శబ్దమే గొప్పదని నేను ఒట్టు వేయలేను. ఎల్పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెడితే, చివరికొచ్చేసరికి 20కి పడిపోతుంది. అక్కడ శబ్దం కాస్త నలుగుతుంది. అందుకే చాలా ఎల్పీల్లో ఒక వైపు చివర నెమ్మది పాటలు పెట్టేవాళ్లు.

ఎల్పీకి ఒక వైపు సుమారు 22 నిమిషాలు. పాటల వరస ఆ కొలతకి కట్టిందే. 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం తెచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదటి వైపు ఒక స్త్రీ గొంతు మాటల్లేకుండా చేసే ఆలాపనతో ముగుస్తుంది. మీరు లేవాలి, ప్లేటు తిప్పాలి. తిప్పగానే రెండో వైపు మొదటి పాటలో డబ్బుల గలగల! మధ్యలో మీరు లేచి నడిచిన ఆ నాలుగు అడుగులూ నా లెక్కలో పాటలో భాగమే. ఫోన్‌లో ఆ జాగా లేదు. అన్నట్టు, ఆ బృందం పేరు కూడా పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు బ్లూస్ గాయకులదే.

అంతమాత్రాన సగం జీతం పెట్టమనను. కొన్నదాన్ని పదిసార్లు వినేదాకా ఇంకోటి కొనకూడదు. మా ఇంట్లో అమల్లో ఉన్న చట్టం ఇది, చేసింది నేను కాదు.

ప్రశ్న: వాన నీళ్లలో తడిసిన ఎల్పీలు పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రాత్రి మా కిటికీ రెక్క ఊడి, కింది అరంతా తడిసింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. అట్టల్లోంచి తీసి కడిగి, నీడలో గోడకి నిలబెట్టాం. ఎండలో మాత్రం పెట్టకండి, అప్పడంలా వంగిపోతాయి. ప్లేట్లన్నీ ఈ రోజుకీ పాడుతున్నాయి. అట్టలే పోయాయి. బి.బి. కింగ్ ఇప్పుడు పెళ్లి శుభలేఖల అట్టతో నేను కుట్టిన కవర్లో ఉన్నాడు, మీద మా ఆవిడ చేతిరాత: "ఏడుపాయన".