అమ్మమ్మ డబ్బా, గ్రూపు రేటు, ఒక 1939 రూపాయి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి కూర్చుని ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. అమ్మమ్మ పాత నాణేల బిళ్లల డబ్బా నీ చేతికి వచ్చినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాకు ఈ ఇష్టం పుట్టింది కూడా ఆ డబ్బాలోంచే. అయితే ఫొటోల కింద నువ్వు రాసిన రెండు సంగతులు చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్లకి లక్షలు వస్తాయని ఎవరో అన్నారని ఒకటి. ఫోన్లో నాణేలు సేకరించేవాళ్ల గ్రూపులో ఒకాయన 1939 రూపాయి అమ్మకానికి పెట్టాడని, రేపటిలోగా డబ్బు వెయ్యమంటున్నాడని రెండోది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

వైష్ణోదేవి బిళ్ల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అది 2012లో చలామణీ కోసమే వేసిన బిళ్ల. లక్షలిస్తానన్నవాడు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటాడు, తర్వాత జీఎస్టీ అంటాడు, ఆ తర్వాత కొరియర్ ఖర్చు అంటాడు. అంతా నీ దగ్గరే లాగుతాడు. రిజర్వ్ బ్యాంకు ముద్ర ఉన్న కాగితం పంపినా నమ్మకు. పాత నాణేలు, నోట్లు కొనడం, అమ్మడం తమ పని కాదని, దానికి కమీషన్ గానీ ఫీజు గానీ ఎప్పుడూ అడగబోమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. లక్షలన్నవాడి నంబరు బ్లాక్ చెయ్యి.

నేను గ్రూపులకి వ్యతిరేకిని అనుకోకు. నాకు అవి చాలా మేలు చేశాయి. ఫోన్లు లేని రోజుల్లో ఒక బిళ్ల ధర తెలియాలంటే విశాఖకో భువనేశ్వర్‌కో బస్సెక్కాలి. అక్కడ కొట్టువాడు ఎంతంటే అంతే. కొనేటప్పుడు "ఇది దొరకదండీ" అనేవాడు, అదే బిళ్ల మనం అమ్మబోతే "ఇవి బోలెడు" అనేవాడు. ఇప్పుడు ఆ ఆట సాగదు. చిల్లు కానీ ఉంది కదా, 1943 నుంచి 1947 దాకా వేసిన కంచు పైసా, అది చాలా అరుదని చిన్నప్పుడు మేమంతా అనుకునేవాళ్లం. గ్రూపులు వచ్చాక ఒక్క రోజులో వందమంది తమ చిల్లు కానీలు చూపించారు. అవి కోట్లలో వేశారని అందరికీ అర్థమైంది, గొప్పలు చెప్పి అమ్మేవాళ్లకి పని లేకుండా పోయింది. ఇలా మామూలు బిళ్లల రేటు నేలకి దిగింది. నిజంగా అరుదైనవాటికి మాత్రం ఇదివరకు ఊళ్లో ఇద్దరు పోటీపడితే, ఇప్పుడు దేశమంతా పోటీపడుతోంది.

అమ్మమ్మ డబ్బాలో పసుపు గుడ్డలో చుట్టి ఉన్న బుల్లి బంగారు బిళ్ల చూశావా, శనగబద్దంత ఉంటుంది. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు "స" అక్షరం, దాని కింద గీతలు. అది ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజుల ఫణం, అంటే వాళ్ల చిన్న బంగారు నాణెం. నేను దాన్ని ఇరవై ఏళ్లు ఏదో దేవుడి కాసు అనుకున్నాను. గ్రూపులో ఫొటో పెట్టిన రాత్రే, నేను ఇప్పటిదాకా ముఖం చూడని ఒక పెద్దమనిషి ఓపిగ్గా రాశాడు: "స" అంటే సంవత్సరం, కింది గీతలు రాజుగారి అంకం, అంటే ఆయన ఏలుబడిలో అది ఎన్నో ఏడో చెప్పే అంకె. అంకం లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. అంటే బిళ్ల మీద 7 ఉంటే నిజానికి అది రాజ్యానికి వచ్చిన అయిదో ఏడు. గంగరాజుల కళింగనగరం అని చెప్పే ముఖలింగం మనకి ఎంత దూరం! ఆ గుడికి ఎన్నోసార్లు వెళ్లినవాడిని, ఆ రాజుల డబ్బు మా ఇంట్లోనే ఉందని తెలియలేదు. ఆ రాత్రి ఆ బిళ్లని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గ్రూపు దగ్గర నేర్చుకోవలసింది ఇలాంటిది. ధర కోసం మాత్రం అక్కడికి వెళ్లకు.

గ్రూపులో కనిపించే రేటు ఎలా పుడుతుందో కొంచెం ఓపిగ్గా విను. రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద చూడు: నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా టంకశాల. ఒకరోజు ఎవరో "ఫలానా ఏడు నక్షత్రం బిళ్ల దొరకడం లేదు" అని రాస్తారు. మర్నాటికి పదిమంది వెతుకుతుంటారు. వారం తిరిగేసరికి రేటు మూడింతలు. అప్పుడు డబ్బాల్లో సంచులకొద్దీ దాచుకున్నవాళ్లు మెల్లగా బయటికి తీస్తారు. నెలాఖరుకి పాత రేటే. మొదట రాసినవాడి దగ్గర ఒక సంచి ఉండి ఉండవచ్చు, అమాయకంగానూ రాసి ఉండవచ్చు. నష్టపోయేది ఎప్పుడైనా మధ్యలో వచ్చి కొన్నవాడే. వేలంపాటల్లోనూ అంతే. అమ్మేవాడి స్నేహితులే రెండు మూడు పేర్లతో పాట పెంచడం నేను కళ్లారా చూశాను. అడిగిన రేటు ఒకటి, డబ్బు చేతులు మారిన రేటు ఇంకొకటి. ఒక నోట్‌బుక్ పెట్టు. మూడు నెలలు ఏమీ కొనకుండా, నిజంగా అమ్ముడైన రేట్లే తేదీ వేసి రాసుకో. అదే బిళ్ల మళ్లీ మళ్లీ ఎంతకి పోతోందో నీకే తెలుస్తుంది.

ఇక 1939 రూపాయి. ఇది నాకు తగిలిన దెబ్బ కాబట్టి వివరంగా చెబుతాను. అప్పట్లో రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా తులం. నూటికి 91.7 పాళ్లు వెండి. 1940 నుంచి వెండి సగానికి దిగింది. ఆరో జార్జి బొమ్మతో 1938 వేసిన రూపాయిలు బోలెడు దొరుకుతాయి, 1939 వేసినవి మాత్రం బహు తక్కువ. కొన్నేళ్ల క్రితం ఒక గ్రూపులో ఒకాయన "ఇంట్లో ఆపరేషన్ ఉంది, అర్జెంటు" అని పెట్టాడు. కింద నలుగురు "ఈ రేటుకి మళ్లీ రాదు" అని రాశారు. నేను 22,000 వేశాను. బిళ్ల వచ్చింది. తూచాను, బరువు సరిపోయింది. కంసాలి దగ్గర గీటు పెట్టించాను, వెండి మంచిదే. ఆ ఆనందంలో మీ అత్తయ్యకి పాయసం కూడా చేయమన్నాను.

వారం తర్వాత పొద్దున్నే కిటికీ దగ్గర భూతద్దంతో చూస్తే, 1939లో రెండు 9లూ ఒక చేతి రాతలా లేవు. మొదటి 9 తోక గుండ్రంగా తిరిగింది. చివరి 9 కింద ఎడమవైపు సన్నగా గీకిన గుర్తు, దాని చుట్టూ వెండి కాస్త పల్లంగా, మిగతా చోట్లకంటే తెల్లగా ఉంది. 1938 రూపాయిలో 8ని గీకి 9 చేశారు. బరువూ వెండీ ఎందుకు తప్పుతాయి, బిళ్ల అసలుదే కదా! అమ్మినవాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మెచ్చుకున్న నలుగురూ మాట్లాడలేదు. డబ్బుకంటే ఆ నలుగురి మాట నమ్మి నా కళ్లు మూసుకున్నందుకు ఎక్కువ బాధపడ్డాను.

అందుకని రేపటిలోగా అన్నవాడికి ఈరోజే వద్దని చెప్పెయ్యి. ఇకముందు ఏదైనా పెద్ద బిళ్ల కొనాలంటే సంవత్సరం అంకెల దగ్గరి ఫొటో, అంచు ఫొటో, కాటా మీద పెట్టిన వీడియో అడుగు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని రాసి ఇమ్మను. రాయనంటే అక్కడితో ఆపెయ్యి. గ్రాములో నూరోవంతు చూపించే చిన్న డిజిటల్ కాటా వందల్లోనే దొరుకుతుంది, మొదటి బిళ్లకంటే ముందు అది కొను. 1818 అని వేసి రాముడో హనుమంతుడో ఉన్న రాగి "అర్ధణా" కూడా నీకు చూపిస్తారు, దానికి మహిమలు ఉన్నాయంటారు. ఈస్టిండియా కంపెనీవాళ్లు అలాంటి అర్ధణా వెయ్యనేలేదు.

"మా పొలంలో బిందె దొరికింది" అని ఎవరైనా మెసేజ్ పెడితే జోలికి పోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దొరికింది 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. విదేశం నుంచి ఎవరైనా పాత బిళ్ల పంపమన్నా ఒప్పుకోకు. నూరేళ్లు దాటిన నాణెం దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

మీ అమ్మతో గట్టిగా చెప్పు, డబ్బాలోవి ఒక్కటి కూడా చింతపండు పెట్టి తోమకూడదు. దసరాకి ఇత్తడి సామాను తోముతూ తోముతూ తను వీటినీ అందులో వేసేస్తుందని నా భయం. రాగి బిళ్ల మీద ఆ గోధుమరంగు పొర నూరేళ్ల వయసు. తోమితే తళతళ మెరుస్తుంది, కొనేవాడు చూడగానే పక్కన పెట్టేస్తాడు. చేత్తో పట్టుకుంటే అంచులు పట్టుకో, ముఖం మీద వేలు పడనీయకు. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు. మీ బరంపురం గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. ఆ కవర్లో రెండేళ్లు ఉంటే రాగి మీద పచ్చటి జిగురు పుడుతుంది. పీవీసీ కానివి అని అడిగి తీసుకో, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యి.

డబ్బాలో విక్టోరియా రూపాయి ఒకటి ఉంటుంది, పైన చెవి అంటించి ఉంటుంది. అది మా అమ్మ మెడలో వేసుకున్న రూపాయి. ఆ చెవి తీయించేస్తే రేటు పెరుగుతుందని గ్రూపులో ఎవరైనా చెబుతారు. తీయించినా అతుకు మచ్చ పోదు, రేటూ పెరగదు. దాన్ని అలాగే ఉంచు. వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి డబ్బా తీసుకుని వచ్చెయ్యి. కిటికీ దగ్గర బల్ల వేసి ఉంచుతాను. ఆ దొంగ 1939 రూపాయి నా దగ్గరే ఉంది, పక్కన 1938 పెట్టి ముందు దాన్నే నీకు చూపిస్తాను.

మీ మావయ్య