సీనియర్ వ్యాఖ్య బాధించినప్పుడు, జూనియర్‌కు తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కోడ్ రివ్యూలో (రాసిన ప్రోగ్రామ్‌ను మరొకరు పరిశీలించే దశలో) మా టీమ్ లీడ్ రాసే వ్యాఖ్యలు చదివినప్పుడల్లా మనసు కుంగిపోతోంది. అప్రైజల్‌లో ‘ఇంకా చొరవ చూపాలి’ అన్నారే తప్ప వివరం చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరు ట్రైనీల పని నన్ను చూడమంటున్నారు. నొప్పించకుండా తప్పులు ఎలా చెప్పాలి?

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: వ్యాఖ్య పని గురించా, మనిషి గురించా అన్నది తేలకపోవడం. అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఫీడ్‌బ్యాక్ సగటున పనితీరును పెంచినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో తగ్గించిందని 1996లో చూపారు. వినేవారి దృష్టి పని మీద నుంచి తమ మీదకు మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వారు వివరించారు.

‘ఈ ఫంక్షన్ మూడు పనులు చేస్తోంది, విడదీయండి’ అని మీ లీడ్ రాస్తే, అది ఆ ఫంక్షన్ గురించిన, అంటే ప్రోగ్రామ్‌లోని ఆ భాగం గురించిన మాట. రాతలో గొంతు వినిపించదు కనుక, తీరిక లేక క్లుప్తంగా రాసినది కూడా కసురుకున్నట్లు అనిపిస్తుంది. తప్పనిసరిగా సరిదిద్దవలసినవి ఏవో, ఆయన అభిరుచికి సంబంధించినవి ఏవో అడిగి తెలుసుకోండి. చాలా టీమ్‌లలో చిన్న సూచనలకు ముందు ‘నిట్’ అని రాసే అలవాటు అందుకే ఉంది. ఒకే అంశంపై రాతపూర్వకంగా వాదన సాగుతూ ఉంటే, కాసేపు కూర్చుని మాట్లాడి, తేలిన నిర్ణయాన్ని రివ్యూలో నమోదు చేయండి. అయితే వ్యాఖ్యలు నిజంగానే అవమానకరంగా ఉంటే సర్దుకుపోనక్కరలేదు. తేదీలతో సహా మేనేజర్ దృష్టికి తీసుకువెళ్లండి.

‘చొరవ’ విషయంలో వచ్చే అప్రైజల్ దాకా ఆగకండి. విడిగా సమయం అడిగి, ‘గత ఆరు నెలల్లో నేను ముందుకు రావలసి ఉండి రాని సందర్భం ఒకటి చెప్పగలరా?’ అని అడగండి. ఆయన చెబుతున్నప్పుడు సంజాయిషీ ఇవ్వకుండా రాసుకోండి. మీ వివరణ ఏదైనా ఉంటే మర్నాడు చెప్పవచ్చు.

ఇక ట్రైనీల విషయానికి నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను, ఎందుకంటే మొదటి ఉద్యోగంలో విన్న మాట చాలాకాలం వెంట ఉంటుంది. నాయకత్వ శిక్షణ ఇచ్చే సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ నేర్పే పద్ధతిలో సందర్భం, ప్రవర్తన, ప్రభావం అనే మూడు భాగాలుంటాయి. ‘నీకు శ్రద్ధ లేదు’ అనడానికి బదులు, ‘నిన్న పంపిన మార్పులో ఫోన్ నంబరు ఖాళీగా ఉంటే ఏమవుతుందో పరీక్షించలేదు, కస్టమర్ అలా ఫారం పంపితే పేజీ ఆగిపోతుంది’ అనండి. తప్పును రెండు పొగడ్తల మధ్య దాచి చెప్పే పద్ధతి నాకు సమ్మతం కాదు. వినేవారికి అసలు విషయం అందదు. మెచ్చుకోలు నిజమైనదైతే దాన్ని విడిగా, ఏది బాగుందో చూపిస్తూ చెప్పండి. తప్పులను అందరూ ఉండే స్టాండప్ మీటింగ్‌లో ఎత్తకండి.

అర్థం కాకపోయినా ‘సరే మేడమ్’ అనడం బడి నుంచే మనవాళ్లకు అలవాటు. కాబట్టి ఏమి మారుస్తారో వారి మాటల్లోనే చెప్పించండి. నెల గడిచాక, మీ వ్యాఖ్యలలో అర్థం కానివి ఏవని అడగండి. ‘ఏమీ లేవు’ అంటే, పాత వ్యాఖ్య ఒకటి తెరిచి, దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చెప్పమనండి.