పైపు తొడిగి బిగించినా చప్పుడు ఆగలేదు

ప్రశ్న: నాది 100 సీసీ బండి, వెనక డ్రమ్ బ్రేకు. దారిలో పంక్చరైతే చక్రం ఊడదీయించి ట్యూబు మార్పించాను. ఇంటికొచ్చి చూస్తే చక్రం చేత్తో ఊపితే కదులుతోంది, బ్రేకు తొక్కితే టక్‌మని చప్పుడు. పానాకి పైపు తొడిగి నట్టు నేనే గట్టిగా బిగించాను. ఊగడం ఆగింది గానీ చప్పుడు ఆగలేదు. ఇంకా బిగించాలా సార్?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: వద్దు, ఇంకొక్క చుట్టు కూడా వద్దు. మీరు చెప్పిన చప్పుడు ఇరుసు నట్టుది కాకపోవచ్చు. డ్రమ్మును మూసే బ్రేక్ ప్లేటు నుంచి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కి ఒక ఇనుప కడ్డీ వెళ్తుంది చూడండి, దాన్ని టార్క్ రాడ్ అంటారు. బ్రేకు తొక్కినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. చక్రం తీసేటప్పుడు దాన్నీ విప్పుతారు, మళ్లీ పెట్టేటప్పుడు హడావిడిలో నట్టు చేత్తో తిప్పి వదిలేస్తారు, ఆ నట్టు ఊడిపోకుండా గుచ్చే కాటర్ పిన్ను అయితే చాలాసార్లు రోడ్డు మీదే ఉండిపోతుంది. ఆ కడ్డీ ఊడితే ప్లేటు గిర్రున తిరిగి చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. అందుకే అది చూసుకునేదాకా బండి తీయకండి. కొన్ని బళ్లలో ఈ కడ్డీ ఉండదు, ప్లేటులోని గాడి స్వింగ్ ఆర్మ్ మీది దిమ్మకు కూర్చోవాలి, అది సరిగా కూర్చుందో లేదో చూడండి.

ఇక పైపు సంగతి. ఏ నట్టు ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో న్యూటన్ మీటర్లలో (తిప్పే బలానికి కొలత) ఉంటుంది. 60 అని ఉందనుకోండి, అడుగు పొడవు పానా చివర పట్టుకుని సుమారు 20 కిలోల బలంతో లాగితే సరిపోతుంది. పైపుతో దాన్ని మూడడుగులు చేస్తే అదే లాగుడు 180 అవుతుంది! నట్టు లోపలా ఇరుసు మీదా ఉండే మరలు సాగుతాయి, ఆ తర్వాత ఆ నట్టు ఎంత బిగించినా పట్టు నిలవదు. మీ నట్టు మార్చేయండి, ఇరుసు మరలు కూడా పాడయ్యాయేమో చూపించండి. మరలకు ఆయిల్ రాస్తే మంచిదని కొందరంటారు, పుస్తకం చెబితే తప్ప రాయకండి, జారుడు పెరిగి అదే బలానికి నట్టు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది.

కొత్త నట్టు వేసేటప్పుడు ముందు చైను వదులు సరిచూసుకోండి (100 సీసీ బళ్లకు సుమారు 25 మిల్లీమీటర్లు), రెండు వైపులా చైను బిగువు సరిచేసే అడ్జస్టర్ గీతలు ఒకే చోట ఉండాలి. తర్వాత ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని అప్పుడు ఇరుసు నట్టు బిగించండి, దానివల్ల బ్రేకు షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపేవి) డ్రమ్ము మధ్యలో కూర్చుంటాయి. ఆపైన టార్క్ రాడ్ నట్టు, కొత్త పిన్ను. పాత పిన్ను సాపు చేసి మళ్లీ గుచ్చే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది, నాలుగు రూపాయల దగ్గర ఆ పొదుపు ఎందుకో నాకు అర్థం కాదు. సరిగ్గా బిగించాక కూడా చక్రం ఊగుతుంటే తప్పు నట్టుది కాదు, బేరింగులు అరిగాయేమో చూపించండి. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ పానా పెట్టి చూసి, నట్టు మీద నుంచి పక్క లోహం మీదకు పెయింటుతో ఒక గీత గీయండి. గీత తెగినట్టు కనిపిస్తే నట్టు కదిలిందని ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: నాన్నగారి పాత గేర్ల స్కూటర్ చక్రానికి రెండు రకాల నట్లున్నాయి. పంక్చరైతే అన్నీ విప్పాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: విప్పాలి గానీ వరుస ముఖ్యమమ్మా. కొన్ని నట్లు చక్రాన్ని డ్రమ్ముకు పట్టి ఉంచుతాయి, మిగతావి రిమ్ము రెండు సగాలను కలిపి ఉంచుతాయి. ఆ రెండో రకం నట్లను ట్యూబులో గాలి ఉండగా విప్పారంటే రిమ్ము విడిపోయి ముఖం మీదకు ఎగురుతుంది. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయిందని చూసుకున్నాకే వాటి మీద పానా పెట్టండి. బిగించేటప్పుడు ఒకటి ఇటు, ఒకటి దాని ఎదురుగా, కొంచెం కొంచెంగా, ట్యూబు సగాల మధ్య నలగకుండా చూసుకుంటూ.