గ్లోబల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్: సిలబస్ కన్నా ముందు ప్రాజెక్ట్ ఎవరితో కలిసి చేయాలో అడగండి

"నాలుగేళ్లుగా కోడ్ రాస్తున్నాను, రోజూ వేరే దేశం టీమ్‌తోనే పని, మళ్లీ దీనికో మాస్టర్స్ ఎందుకు?" అని ఒకరు అన్నారు. వేర్వేరు దేశాల టీమ్‌లు కలిసి సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో నేర్పే కోర్సు గురించే ఈ మాట. నేనూ ఇదే అనుమానంతో చేరాను.

సిలబస్ చూస్తే కొత్తేమీ కనిపించదు. రిక్వైర్‌మెంట్స్, ఆర్కిటెక్చర్, టెస్టింగ్... అన్నీ తెలిసిన పేర్లే. గిట్ (కోడ్ మార్పుల్ని దాచే టూల్) కోసమో జిరా (పనుల జాబితా నడిపే టూల్) కోసమో అయితే ఫీజు దండగ. నాకు అసలు చదువు ప్రాజెక్ట్‌లో అబ్బింది. ఇక్కడ మేం నలుగురం, అమెరికాలో ఇంకో యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు, క్లయింట్‌గా యూరప్‌లో ఉన్న ఒక ప్రొఫెసర్. ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం) మాది, బ్యాకెండ్ (వెనక సర్వర్‌లో నడిచే భాగం) మీది అని పది నిమిషాల్లో పంచేసుకున్నాం. దాని ఫలితం సెమిస్టరంతా అనుభవించాం.

ఒకసారి అమెరికా వాళ్లకి "ఈ ఫీల్డ్ ఖాళీగా రావచ్చా?" అని రాసి పడుకున్నాను. తెల్లారి చూస్తే "ఏ స్క్రీన్‌లో?" అని ఉంది. చెప్పాను. మర్నాడు ఇంకో ప్రశ్న. అవునో కాదో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. తర్వాత పద్ధతి మార్చుకున్నాం: ప్రశ్నతో పాటే స్క్రీన్‌షాట్, నా ఊహ, "జవాబు రాకపోతే ఇలా చేసేస్తాను" అన్న ఒక వాక్యం. సగం ఆలస్యం అక్కడే పోయింది.

మార్చిలో ఇంకో తమాషా. అమెరికాలో గడియారాలు ముందు మారతాయి, యూరప్‌లో రెండు మూడు వారాల తర్వాత. మేం టైమ్‌ని నోటిమాటగా అనుకున్నాం కాబట్టి ప్రొఫెసర్ గంట సేపు ఒక్కరే కూర్చున్నారు. అప్పట్నుంచి టైమ్‌లన్నీ యూటీసీలోనే (ఎక్కడా మారని ప్రపంచ ప్రామాణిక సమయం) రాశాం.

ఇవన్నీ అయ్యాక రీసెర్చ్ పేపర్లు చదివితే ఒక్కో లైనూ మా గురించే రాసినట్టుంది. హెర్బ్‌స్లెబ్, మోకస్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో తేల్చింది ఇదే: రెండు మూడు చోట్ల మనుషులు కలిసి చేసే మార్పుకి, ఒకేచోట చేసే అలాంటి మార్పుతో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్ల సమయం పడుతోంది. దూరం కన్నా, ఆ పనిలో తలదూర్చాల్సిన మనుషులు ఎక్కువ కావడమే పెద్ద కారణమట. ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో, వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. మా బగ్స్ చాలావరకు ఏపీఐ (మా ఫ్రంటెండ్, వాళ్ల బ్యాకెండ్ మాట్లాడుకునే చోటు) దగ్గరే పుట్టాయంటే ఆశ్చర్యమేముంది? రెండో సెమిస్టర్‌లో ఒక్కో ఫీచర్ మొత్తం ఒకే చోటికి ఇచ్చాం. కోడ్ కొంత రెండుసార్లు రాయాల్సి వచ్చింది, అయినా ప్రాణం కుదుటపడింది.

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు ప్రాజెక్ట్ నిజంగా వేరే దేశపు విద్యార్థులతోనా, లేక ఒకే క్లాసుని రెండు గదుల్లో కూర్చోబెట్టి "డిస్ట్రిబ్యూటెడ్" అంటారా అని అడగండి. నేను చూసిన ఒక కోర్సులో రెండోదే జరిగింది. మార్కులు టీమ్ మొత్తానికా, మనిషి మనిషికా అన్నది కూడా తేల్చుకోండి. లేకపోతే అవతలి వాళ్లకి పరీక్షలు మొదలైన వారం పనంతా మీ నెత్తిన పడుతుంది.

అల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్ లోతుగా కావాలంటే ఇది మీకు కాదు. తేల్చుకోలేకపోతే మీ టీమ్ పాత టికెట్లు (జిరా లాంటి టూల్‌లో నమోదు చేసిన పనులు) ఒక నెలవి తీయండి. ఒక్కోటీ అవతలి వాళ్ల జవాబు కోసమే ఎన్ని రోజులు ఆగిందో లెక్కేయండి. ఆ లెక్క చూశాక "ఎందుకిలా?" అని తవ్వాలనిపిస్తే చేరండి. విసుగొస్తే వద్దు.