పగలు రాయడానికి సిగ్గెందుకు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): నాకు 39 ఏళ్లు, మాది కావలి. కాలేజీ రోజుల నుంచి నాటకాలంటే ప్రాణం. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో చిన్న చిన్న వేషాలు వేశాను. రొయ్యల మేత డిపోలో లెక్కలు రాసేవాడిని, రెండేళ్ల కిందట దాన్ని మూసేశారు. నా భార్య గవర్నమెంటు టీచరు. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. పిల్లలు ఒకరు ఏడు, ఒకరు మూడో తరగతి. మోకాళ్ల నొప్పులతో అమ్మ మా దగ్గరే ఉంటుంది. టిఫిను, క్యారియర్లు, వంట, బట్టలు, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం అన్నీ నావే. రొయ్యల గుంటల మీద ఒక నాటిక మొదలుపెట్టాను. రైతు తన అప్పు సంగతి భార్యతో చెప్పాల్సిన సీను దగ్గర ఆగిపోయింది. పగలు రాయడానికి కూర్చుంటే ఎవరైనా వస్తారేమోనని పుస్తకం దిండు కింద పెట్టేస్తాను. అందుకని రాత్రి పదకొండు నుంచి రెండింటిదాకా టీ తాగుతూ రాస్తాను. ఆర్నెల్ల కిందట షుగర్ బయటపడింది, మూడు నెలల సగటు (HbA1c) 8.4 అన్నారు. మాత్రలు కొన్ని రోజులు మర్చిపోతుంటాను. మొన్నామధ్య ఒక పొద్దున బస్టాండు దగ్గర చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. తర్వాత రెండ్రోజులకి, రాత్రి ఒంటిగంటప్పుడు నా భార్య లేచొచ్చి "ఈ కాగితాలు ఎవరి కడుపు నింపుతాయి?" అంది. ఆ రోజు నుంచి పెన్ను ముట్టుకోలేదు. నిద్రా పట్టడం లేదు. "పెళ్లాం సంపాదిస్తుంటే మొగుడు గరిటె తిప్పుతున్నాడని ఊరంతా అనుకుంటోంది" అని అమ్మ రోజూ సణుగుతుంది. నాటకం మానేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరాలా? అసలు నేను దేనికైనా పనికొస్తానా?

జవాబు: నాటకం మానొద్దు. రాత్రి రాయడం మాత్రం ఇవాళే మానేయండి.

మీ ఉత్తరంలో నాటిక గురించి మూడు పేజీలున్నాయి, షుగర్ గురించి నాలుగు ముక్కలు. భార్య అన్న మాట ఒక్కటే వాక్యం, కానీ దాని కింద రెండు గీతలు గీశారు. ఆ మాట ఎంత లోతుగా దిగిందో ఆ గీతలే చెబుతున్నాయి. అయితే అది ఎప్పుడు వచ్చిందో మీరే రాశారు, ఒకసారి చూడండి. మీకు కళ్లు తిరిగిన రెండ్రోజులకి, రాత్రి ఒంటిగంటకి. తెల్లారితే ఆమె బస్సు పట్టుకోవాలి. లైటు వెలుగుతోంది, షుగర్ ఉన్న మనిషి నిద్ర మానుకుని టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట ఆమె అన్నదాంట్లో నాటకం మీద చులకన కన్నా మీ మీద భయమే ఎక్కువ కనిపిస్తోంది నాకు. మన ఇళ్లలో భయం కోపం రూపంలోనే బయటికొస్తుంది. నా ఊహ తప్పు కావచ్చు, అది ఆమెనే అడిగి తెలుసుకోవాలి. మీరు అడగలేదు. పెన్ను పక్కన పడేసి, ఆమె వైపు చూడకుండా తిరుగుతున్నారు. ఆమె అన్న మాటకి అది జవాబు కాదు కదా.

నన్ను ఎక్కువ ఆపింది మాత్రం ఇంకో వాక్యం. ఎవరైనా వస్తారేమోనని పుస్తకం దిండు కింద పెట్టేస్తానన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, తన సొంతింట్లో పట్టపగలు రాసుకోవడానికి బెదిరిపోతున్నాడు. అలసట అంతా ఇక్కడే ఉంది. ఇంటి పని చేస్తే ఎవరేమంటారోనని సిగ్గు, రాస్తే పని లేనివాడంటారని సిగ్గు. ఆ సిగ్గు వల్లే రాత రాత్రికి జరిగింది. రాత్రికి జరిగింది కాబట్టి నిద్ర తగ్గింది, నిద్ర తగ్గాక షుగరూ కోపమూ రెండూ పెరిగాయి. మీరు రాత మానేసినా ఈ సిగ్గు ఎక్కడికీ పోదు. రేపు చిన్న ఉద్యోగంలో చేరితే "ఇంత జీతానికా" అన్నారని మళ్లీ తల దించుకుంటారు.

ముందు ఒంటి సంగతి. నేను డాక్టరును కాను, అయినా మీరు రాసిన వరస చూస్తే ఒక అనుమానం వస్తోంది. పొద్దున్నే మాత్ర వేసుకుని, అందరికీ టిఫిన్లు పెట్టి, క్యారియర్లు కట్టి, పిల్లల్ని పంపి, మీరు మాత్రం పదకొండుకి తింటారని రాశారు. షుగర్ మాత్రల్లో కొన్ని రకాలు వేసుకుని వేళకి తినకపోతే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులే. మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే పడిపోయినట్టే లెక్క. బస్టాండులో జరిగింది అదేనా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. మీరు వాడే మాత్ర పేరు, ఎప్పుడు వేసుకుంటారు, ఎప్పుడు తింటారు, ఏ రోజులు మర్చిపోయారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఈ వారంలోనే వెళ్లండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, డోసు మార్చొద్దు. అప్పటిదాకా జేబులో కొంచెం పంచదారో గ్లూకోజో ఉంచుకోండి. చాలామందికి డాక్టర్లు ఆ మూడు నెలల సగటు 7 లోపు ఉండాలంటారు. 8.4 అంటే చెయ్యి దాటిపోయిన అంకె కాదు, అలాగని నిర్లక్ష్యం చేసే అంకె కూడా కాదు. ఏడాదికోసారి కంటి పరీక్ష మర్చిపోకండి, రాసే మనిషికి కళ్లు ముఖ్యం. ఖర్చని వెనకాడితే ప్రభుత్వాసుపత్రుల్లో షుగర్ పరీక్షలు చేస్తారు, మాత్రలూ ఇస్తారు.

రేపటి నుంచి పిల్లలతో పాటే కూర్చుని తినండి. వాళ్ల పక్కన ఇంకో కంచం మీదే. వాళ్లు తిన్నాక మిగిలింది నిలబడి తినే అలవాటు మన ఇళ్లలో ఆడవాళ్లకి తరతరాలుగా ఉంది. వంటగది మీ చేతికొచ్చాక అదీ మీకొచ్చింది. మీ ఉత్తరం చదివాక, ఇలాగే బతికిన ఎంతమంది అమ్మల ఒళ్లు గుల్లయిపోయిందో గుర్తొచ్చి బాధేసింది.

నిద్ర పట్టకపోవడం, దేనికీ పనికిరానని అనిపించడం రెండు వారాలు దాటి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుతో చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లలో దిగులు ఎక్కువగా కనిపిస్తుంది, దానికీ వైద్యం ఉంది. రాత్రిపూట మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక అమ్మ. ఆమె సణుగుడు వెనక ఒక లోకం ఉంది. ఆ లోకంలో మగవాడు వంటింట్లోకి వస్తే ఇల్లు చెడ్డట్టు. ఆమెతో వాదనకి దిగొద్దు, ఈ వయసులో మార్చలేరు. ఒక్క మాట మాత్రం గట్టిగా, మర్యాదగా చెప్పండి: "అమ్మా, నీ మోకాళ్లకి కాపడం పెట్టేది, నీకు వేళకి అన్నం పెట్టేది ఈ చేతులే. ఊరివాళ్లు వచ్చి పెట్టరు." ఆ తర్వాత ఆమెకి కూర్చుని చేసే పనులు అప్పజెప్పండి. చింతపండు ఈనెలు తీయడం, చిక్కుడుకాయలు ఒలవడం, చిన్నదాని చేత ఎక్కాలు చెప్పించడం. ఊరికే కూర్చున్న మనిషికే ఊరి మాటలు ఎక్కువ వినబడతాయి.

ఆమె దగ్గర మీకు కావలసింది ఇంకొకటి ఉంది. యాసలో రాస్తే పరిషత్తు వాళ్లకి నచ్చదేమోనని రైతు చేత పుస్తకాల భాష మాట్లాడిస్తున్నానని రాశారు. దయచేసి అలా చేయకండి. నెల్లూరులో 1899లో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించిన వేదం వేంకటరాయ శాస్త్రి గారు, సంస్కృతంలో అంత పండితుడై ఉండి, తన ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి చేత వాడి మాటలే పలికించారు. 1897 నాటి సంగతి అది. పాత్రకి తగ్గ భాష కోసం ఆయన అప్పుడే నిలబడితే, ఇప్పుడు మీరు జంకడం ఏమిటి? మీ అమ్మ "ఆమైన (తర్వాత) చూద్దాంలే" అన్నప్పుడు, "ఏందబ్బా ఇది" అన్నప్పుడు చెవి పెట్టి వినండి. కూరగాయలు తరుగుతూ డైలాగులు పైకే అనండి, ఫోనులో రికార్డు చేసుకోండి. నాటకం కళ్లతో చదివేది కాదు, నోటితో పలికి చూడాల్సిందే.

రాసే వేళ సంగతికొద్దాం. ఎనిమిదిన్నరకి పిల్లలు వెళ్తారు, తొమ్మిదికి అమ్మ టిఫిను అయిపోతుంది. అరగంట నడిచి రండి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, వాకిలి తలుపు తీసే ఉంచి, బల్ల దగ్గర కూర్చుని రాయండి. పక్కింటాయన వచ్చి "ఏం చేస్తున్నావయ్యా" అంటే "నాటిక రాస్తున్నా, పదకొండు తర్వాత మాట్లాడుకుందాం" అనండి. మొదటి వారం ముఖం ఎర్రబడుతుంది. అయినా అనండి. బట్టలు, వంట, బిల్లులు పదకొండు తర్వాతే. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు రాత ఉండదు. ఆ రోజుని రాత్రి కూర్చుని పూడ్చాలని చూడొద్దు, అది పోయినట్టే. రాత్రి పదిన్నరకి లైటు ఆగిపోవాలి. గంటన్నరలో ఏమవుతుందని మీకనిపించవచ్చు. పరిషత్తులో నాటికంటే గంటలోపు అయిపోయే ఆట. రోజుకో పేజీ నిలిచినా కొన్ని వారాల్లో చిత్తుప్రతి చేతికొస్తుంది.

భార్యతో మాట్లాడే రోజుకి ఆదివారం మధ్యాహ్నం మంచిది. పిల్లలు ఆడుకోవడానికి వెళ్లాక చూడండి. మొదట షుగర్ కాగితాలు ఆమె చేతిలో పెట్టండి, డాక్టరు దగ్గరికి ఆమెను వెంట రమ్మనండి. మర్చిపోయిన మాత్రల లెక్క దాచకండి. ఆ తర్వాత డబ్బు మాట. నాటిక రాత మీద సంసారం నడవదు, అది ఆమెకీ తెలుసు మీకూ తెలుసు. ప్రైజు వస్తుంది, సినిమా వాళ్లు పిలుస్తారు అని ఆశ చూపించి అనుమతి అడగొద్దు. డిపోలో అన్నేళ్లు లెక్కలు చూశారు కదా. ఊళ్లో ఎరువుల కొట్టు ఉంది, ధాన్యం వ్యాపారి ఉంటాడు, సాయంత్రం రెండు మూడు గంటలు లెక్కలు రాసిపెట్టే మనిషి కావాలంటారు. ఆమె వచ్చాక పిల్లల్ని ఆమెకి అప్పగించి వెళ్లొచ్చా, లేక ఇప్పుడు ఇంట్లో మీరు ఉండడమే లాభమా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. వంటమనిషికి, అమ్మను చూసుకునే మనిషికి జీతం ఇవ్వాల్సి వస్తే ఎంతవుతుందో అదే కాగితం మీద వేసుకోండి. ఆ అంకె చూశాక, ఇన్నాళ్లూ మీరు ఖాళీగా కూర్చోలేదని ఆమెకన్నా ముందు మీకే అర్థమవుతుంది.

ఉద్యోగం మాట ఉద్యోగంగానే మాట్లాడండి, నాటకం మాట వేరేగా. ఈ రెండూ కలిపి "ఇది మానేస్తేనే అది" అని పందెం పెట్టుకుంటే ఇద్దరూ ఓడిపోతారు. చివర్లో ఒకటే అడగండి: "పొద్దున గంటన్నర రాసుకుంటాను, రాత్రి నిద్రపోతాను. సరేనా?" రాత్రి ఒంటిగంటకి వచ్చి అడిగిన మనిషి ఈ బేరానికి ఒప్పుకోకపోతుందా?

మీ నాటిక ఆగిన చోటు గురించి కూడా చెప్పాలి. రైతు భార్య ముందు నోరు విప్పలేకపోతున్నాడని రాశారు. మీరూ ఆర్నెల్లుగా ఇంట్లో చాలా సంగతులు నోరు విప్పి చెప్పలేదు. ఆదివారం మీరు మాట్లాడాక ఆ సీను ఎలా ఉండాలో కొంతైనా తెలుస్తుందని నా నమ్మకం. మీ దగ్గర సరుకు ఉంది. 1994లో తెల్లమచ్చల రోగం వచ్చి టైగర్ రొయ్య పోవడం, 1996లో తీరం గుంటల మీద సుప్రీంకోర్టు తీర్పు, ఇవి ఎవరైనా చదివి రాస్తారు. మేత అప్పు ఖాతాలో ఒక రైతు పేరు పక్కన అంకె నెలనెలా పెరగడం, రొయ్యలు పట్టే రోజు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తక్కువ రేటు పలికితే ఆ మనిషి డిపో ముందు బండి ఆపకుండా వెళ్లిపోవడం మీరు కళ్లారా చూశారు. అది రాయగలిగేవాళ్లు తక్కువ మంది.

సగమే అయిందని మీ నాటక సమాజం మిత్రులకి చూపించలేదన్నారు. సగమే తీసుకెళ్లండి. నలుగురు తలా ఒక పాత్ర పట్టుకుని చదివితే ఎక్కడ మాట బరువైందో, ఎక్కడ సీను సాగిందో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది, ఒంటరిగా నెలలు కూర్చున్నా అది తెలియదు. కాకపోతే వాళ్లు కలిసేది రాత్రి ఏడు తర్వాత అన్నారు. ఏ రోజు వెళ్తారో ముందే ఇంట్లో చెప్పండి. ఆ రోజు అన్నం, కూర ఆరింటికల్లా చేసి పెట్టి, మీ వంతు తిని, మాత్ర వేసుకుని బయల్దేరండి. తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉండండి.