నాన్నగారి పాటలు నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఏళ్ల తరబడి సీడీలు కొని, పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. అది పాతబడింది. ఆ పాటలు నా ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుంటే కాపీరైట్ కేసవుతుందని మా బావగారు భయపెడుతున్నారు. నరసాపురంలో మొబైల్ షాపు నడుపుతున్న తమ్ముడేమో, అవి ఇస్తే అడిగినవాళ్లకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ పడకండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52(1)(ఎ) సెక్షన్ సొంత వాడకానికి సమంజసమైన మేరకు వెసులుబాటు ఇస్తోంది. 2012 సవరణతో సౌండ్ రికార్డింగులు కూడా దాని కిందికి వచ్చాయి. ఆ అవసరం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడం ఉల్లంఘన కాదని వివరణ కూడా చేర్చారు. ఎన్ని కంప్యూటర్లలో ఉంచుకోవచ్చో లెక్కేమీ చెప్పలేదు. డబ్బు పెట్టి కొన్న పాటల్ని ఇంట్లో వినడానికి మార్చుకుంటే తప్పు పట్టడానికేమీ లేదని నా అభిప్రాయం.

ఒక పని మాత్రం చేయండి. పాత సీడీలు అట్టలతో సహా ఓ పెట్టెలో సర్ది, తేమ తగలని చోట పెట్టండి. బిల్లులుంటే అవీ అందులోనే పడేయండి. రేపెవరైనా అడిగితే మీకు రుజువు అవే. కంప్యూటర్‌లో అనుమతి లేని వెబ్‌సైట్ల నుంచి దించుకున్న పాటలు కూడా ఉంటే, వాటికి ఇదే రక్షణ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో సేవ్ చేసినవి ఆ యాప్‌లోనే వినాలి. కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో వాటి డిజిటల్ తాళం తీస్తే 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి.

ఇక మీ తమ్ముడి సంగతి. అక్కడే అసలు ప్రమాదం. ట్రాక్టర్‌లో వినడానికి ఓ రైతు పెన్‌డ్రైవ్ ఇచ్చి పాటలెక్కించమంటే, పుచ్చుకునేది యాభై రూపాయలే అయినా అది వ్యాపారం. సొంత వాడకం అన్న మాట ఇక పనికిరాదు. 63వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే శిక్ష తగ్గించే అధికారం కోర్టుకుంది గాని, డబ్బు తీసుకున్నవాడు ఆ మాట ఎలా చెప్పగలడు? ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ, నాన్‌బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 64వ సెక్షన్ కింద ఎస్సై వారంటు లేకుండానే నకళ్లనూ, వాటిని తయారుచేసే సాధనాలనూ స్వాధీనం చేసుకోవచ్చు. షాపు కంప్యూటర్ స్టేషన్‌కి వెళ్లిందంటే రిపేర్ల లెక్కలు, కస్టమర్ల వివరాలు కూడా దానితోనే పోతాయి. చిల్లర డబ్బుల కోసం కుర్రాడు జీవనాధారాన్ని పణంగా పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పాత పాటలకు కాపీరైట్ ఉండదన్న మాట కూడా సగమే నిజం. రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. రాసినవారి, స్వరపరిచినవారి హక్కు వేరు. అది వారి మరణం తర్వాత కూడా 60 ఏళ్లు నడుస్తుంది.

కాబట్టి పాటలు మీ తమ్ముడికి ఇవ్వకండి. హక్కుదారుల నుంచి లైసెన్సు తీసుకోకుండా ఆ పని మొదలుపెట్టొద్దని చెప్పండి. ఒకవేళ ఇప్పటికే మొదలుపెట్టి, నోటీసు గానీ వచ్చి ఉంటే, కంప్యూటర్‌లోంచి ఏదీ చెరపకుండా ఆ కాగితం పట్టుకుని వెంటనే దగ్గర్లోని లాయరుని కలవమనండి.